రిటైరైన మిలిటరీ జెట్ కొంటున్నారా? ముందు ఇంజన్ అసలు పుస్తకం అడగండి

సైన్యం వాడి పక్కన పెట్టిన జెట్ కొనాలనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఎల్-39 ఆల్బట్రాస్‌కు బేరమాడుతున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది ఓపిగ్గా చదవండి. నేనూ, నా స్నేహితుడూ కలిసి ఒకటి కొన్నాం. మా చేతికొచ్చాక అది ఒక్కసారి కూడా గాల్లోకి లేవలేదు.

ఎల్-39 చెకోస్లోవేకియాలో తయారైన శిక్షణ విమానం. 1968లో మొదటిసారి ఎగిరింది, మొత్తం దాదాపు 2,900 తయారయ్యాయి. చాలా దేశాల వైమానిక దళాలు దీన్ని పక్కన పెట్టేయడంతో ప్రైవేటు వ్యక్తుల దగ్గర ఎక్కువగా కనిపించే జెట్లలో ఇదొకటైంది. నేర్చుకునేవాళ్ల కోసం చేసింది కాబట్టి నడపడం కూడా యుద్ధ విమానాలంత కష్టం కాదు. మంచి విమానం, ఆ మాట ఇప్పటికీ అంటాను. మేము దెబ్బతిన్నది కాగితాల దగ్గర.

హ్యాంగర్‌లో చూసిన రోజు కొత్త పెయింటుతో మెరిసిపోతోంది. మా ముందే ఇంజన్ స్టార్ట్ చేసి చూపించారు. ఇందులో ముందు సఫైర్ అనే చిన్న టర్బైన్ తిరుగుతుంది, అది పంపే గాలితో అసలు ఇంజన్ అందుకుంటుంది. రెండూ ఎక్కడా తడబడలేదు. ఆ చప్పుడు విన్నాక మనసు ఆగదు, అది నాకు తెలుసు. "ఓవర్‌హాల్ అయ్యాక తిరిగింది కొన్ని గంటలే, ఇంకా చాలా లైఫ్ ఉంది" అంటూ ఇంజన్ చరిత్ర రాసే లాగ్‌బుక్‌కు ఇంగ్లీషు అనువాదం చేతిలో పెట్టారు. ఓవర్‌హాల్ అంటే ఇంజన్‌ను పూర్తిగా విప్పి, బాగుచేసి మళ్లీ బిగించడం. గంటల లెక్కలో అబద్ధం లేదు. మేము నమ్మింది అందుకే.

దీని ఏఐ-25టీఎల్ ఇంజన్ సోవియట్ కాలంనాటిది. దానికి గడువులు రెండు: తిరగాల్సిన గంటలు ఒకటి, ఓవర్‌హాల్ నుంచి గడిచే సంవత్సరాలు రెండోది. ఏది ముందు అయిపోతే అక్కడితో ఆపాల్సిందే. ఎందుకంటే ఇంజన్ తిరగకుండా ఉన్నా దానికి వయసు పెరుగుతూనే ఉంటుంది. రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, బేరింగులకు తేమ పడుతుంది. నిల్వ ఉంచే ముందు నూనె పట్టించి, గాలి చొరబడకుండా మూసి ఉంచకపోతే లోపలి భాగాలు తుప్పు పడతాయి. మాకిచ్చిన అనువాదంలో గంటల పేజీలున్నాయి. సంవత్సరాల గడువు రాసిన పేజీ లేదు.

రష్యన్‌లో ఉన్న అసలు పుస్తకం విమానం భాగాలతో పాటు పెట్టెలో వచ్చింది. అప్పటికి డబ్బు మొత్తం కట్టేశాం. రష్యన్ చదవగలిగిన మెకానిక్ ఒకాయన పేజీలు తిప్పి, చివరి ఓవర్‌హాల్ తేదీ మీద వేలు పెట్టి ఏమీ మాట్లాడలేదు. గడువు దాటి ఏళ్లయింది. తర్వాత ఇంజన్ లోపలికి దూర్చి చూసే సన్నని కెమెరా, అదే బోర్‌స్కోప్, పెట్టి చూస్తే లోపలికొచ్చే గాలిని నొక్కే కంప్రెసర్ బ్లేడ్ల మీద తుప్పు తిన్న చిన్న చిన్న గుంటలు కనిపించాయి. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నామని సంతకం పెట్టారు కదా" అన్నారు. అగ్రిమెంట్‌లో ఆ మాట నిజంగానే ఉంది.

ఎజెక్షన్ సీట్ల సంగతి ఇంకా భయం వేసేది. ప్రమాదంలో పైలట్‌తో సహా సీటును బయటికి విసిరే పేలుడు కార్ట్రిడ్జ్‌లకు కూడా తేదీలుంటాయి. మా విమానంలో అన్నీ కాలం తీరినవే. సీట్లు తీసేశారని మాకు చెప్పలేదు, ఉన్నవి పనిచేస్తాయనీ చెప్పలేదు. ఆ సంగతి తేలేదాకా మెకానిక్‌లు కాక్‌పిట్‌లోకి చెయ్యి కూడా పెట్టనన్నారు, వాళ్లను తప్పు పట్టలేను. 2015లో ఇంగ్లండ్‌లోని షోరమ్ ఎయిర్‌షోలో హాకర్ హంటర్ జెట్ రోడ్డు మీద కూలి 11 మంది చనిపోయారు. ఆ జెట్ సీట్లలోనూ గడువు దాటిన కార్ట్రిడ్జ్‌లు ఉన్నాయని దర్యాప్తులో బయటపడింది. కూలడానికి కారణం అది కాదు. కానీ శిథిలాల దగ్గరికి సాయానికి వెళ్లేవాళ్ల ప్రాణాలకు కూడా అవి ముప్పే.

జనాన్ని ఎక్కించుకుని తిప్పితే ఖర్చులు తిరిగొస్తాయని కూడా మాకు ఆశ పెట్టారు. నమ్మకండి. ఉదాహరణకు అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇలాంటి జెట్లకు ప్రదర్శనల కోసమని ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్ ఇస్తుంది. ప్రత్యేక మినహాయింపు ఉంటే తప్ప దాంతో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు.

కాబట్టి అనువాదం ఎంత చక్కగా ఉన్నా సరే, అసలు పుస్తకంలోని ప్రతి పేజీ ఫోటో అడ్వాన్స్‌కు ముందే తెప్పించుకోండి. ఇంజన్ మీది ప్లేటు నంబరూ పుస్తకంలో నంబరూ ఒకటేనా అని చూడండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ కాదు, మీరు డబ్బిచ్చి పెట్టుకున్న మనిషే బోర్‌స్కోప్ పెట్టాలి. కార్ట్రిడ్జ్ తేదీలు రాతపూర్వకంగా తీసుకోండి. మీకున్న జెట్ అనుభవానికి ఇన్సూరెన్స్ ఇస్తారో లేదో ముందే అడగండి. చెప్పిన గడువులు నిజం కావని తేలితే డబ్బు వెనక్కివ్వాలనే షరతు అగ్రిమెంట్‌లో లేకపోతే సంతకం పెట్టకండి. "వేరే కొనేవాళ్లు క్యూలో ఉన్నారు" అని తొందరపెడితే వాళ్లనే కొనుక్కోనివ్వండి.

మా ఇంజన్ ఇప్పుడు విమానం నుంచి దించి స్టాండ్ మీద ఉంది. ఓవర్‌హాల్ చేయించాలా, గడువున్న ఇంకో ఇంజన్ వెతకాలా అనేది ఇంకా తేల్చుకోలేదు. ఈ రకం విమానం కాగితాలు ఎవరి చేతికైనా వచ్చి, సంవత్సరాల గడువు ఏ పేజీలో ఉంటుందో తెలియకపోతే నన్ను అడగండి. మా పుస్తకంలో ఆ పేజీ ఫోటో పంపిస్తాను, పక్కన పెట్టుకుని పోల్చి చూసుకోండి.