దేవుడు లేని గుళ్ళు, కొత్తగా కట్టిన శిథిలాలు: ఇంగ్లండ్ పల్లెల్లో మా తిరుగుడు

ఇంగ్లండ్ ట్రిప్ అంటే మనవాళ్ళు లండన్, ఆక్స్‌ఫర్డ్, స్టోన్‌హెంజ్ రాసుకుని చివర్లో లేక్ డిస్ట్రిక్ట్ తగిలిస్తారు. మేం ఈసారి వాటి జోలికి పోకుండా, అక్కడి పల్లెల్లో ఒకప్పటి దొరలు సరదా కోసం కట్టించుకున్న బురుజులు, దేవుడు లేని గుళ్ళు, మొదటి రోజు నుంచే కూలిపోయినట్టు కనబడేలా కట్టిన గోడలు చూస్తూ తిరిగాం. వీటిని అక్కడ ఫాలీలు అంటారు. మా వదిన వాళ్ళు మిల్టన్ కీన్స్‌లో ఉండటం, ఆవిడకి ఈ పిచ్చి ఎప్పటినుంచో ఉండటం వల్ల కుదిరింది. మా ఆయన ప్రతి గుడి దగ్గరా "ఇంతకీ లోపల ఏముంది అక్కా?" అని అడగడం, ఆవిడ "ఏం లేదురా, ఏం లేకుండా ఉండాలనే కట్టారు" అనడం మామూలైపోయింది.

ఒక్కటే చూసే టైముంటే ఆలోచించకుండా విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్‌కి వెళ్ళండి. లండన్‌లో బ్యాంకు నడిపిన హోర్ కుటుంబం తోట ఇది. హెన్రీ హోర్ 1740లలో మొదలుపెట్టి, లోయలో పుట్టే స్టౌర్ నదికి అడ్డుకట్ట వేసి చెరువు చేయించాడు. ఆ చెరువు చుట్టూ ఫ్లోరా దేవత గుడి, రాతి గుహ, రోమ్‌లోని పాంథియాన్‌ని గుర్తుచేసే గుండ్రటి గుడి, ఐదు కమానుల వంతెన, గుట్ట మీద అపోలో గుడి ఉన్నాయి. చెప్తే ఇంతే. కానీ నడుస్తుంటే తెలుస్తుంది, ఆయన కట్టడాల కంటే దారి మీద ఎక్కువ బుర్ర పెట్టాడని. పాంథియాన్ ముందు దూరంగా అవతలి ఒడ్డున కనబడుతుంది, తర్వాత చెట్ల వెనక మాయమవుతుంది, మీరు చీకటి గుహలోకి దిగి, నిద్రపోతున్న వనదేవత విగ్రహం దగ్గర చల్లటి నీళ్ళ చప్పుడు విని, అవతలి వైపు నుంచి బయటికొచ్చి, ఇంకాస్త నడిచాక గానీ దాని మెట్ల దగ్గరికి చేరరు. అందుకే ఊరి వైపు వంతెన నుంచి కాకుండా పైన భవనం వైపు నుంచి దిగి, చెరువు కుడిపక్కన మొదలుపెట్టి గడియారానికి ఎదురుదిశలో తిరగమని నా సలహా. ఊరి వైపు నుంచి మొదలుపెడితే క్యాలెండర్లలో వేసే ఆ పెద్ద దృశ్యం మొదటి నిమిషంలోనే చూసేసి, మిగతాదంతా వాకింగ్ చేసినట్టు ఉంటుంది. చుట్టూ తిరగడానికి హాయిగా రెండు గంటలు పెట్టుకోండి. గుహ దగ్గరా అపోలో గుట్ట దగ్గరా మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కష్టం. అక్టోబరు చివర్లో ఆకుల రంగుల కోసం జనం విరగబడతారు, పొద్దున్నే గేటు తీసే టైముకి ఉండాలి.

అక్కడికి కొన్ని మైళ్ళ దూరంలో అదే హోర్ కట్టించిన ఆల్ఫ్రెడ్ రాజు బురుజు ఉంది. 1772లో పూర్తయింది, ఎత్తు 160 అడుగులు, మూడు మూలల ఇటుక కట్టడం. 1944లో ఒక సైనిక విమానం తగిలి పైభాగం దెబ్బతింది, అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. 205 మెట్లెక్కి పైకి వెళ్ళొచ్చు గానీ కొన్ని రోజులే తీస్తారు. మూసి ఉన్నా సరే, అడవి మధ్య గడ్డి బాట చివర అంత పెద్ద గోడ ఒక్కసారిగా ఎదురైతే మెడ నొప్పెట్టేదాకా చూస్తాం.

బకింగ్‌హామ్‌షైర్‌లోని స్టో వేరే రకం. ఇది కాస్త చదువుకుని వెళ్ళాల్సిన తోట, లేకపోతే నిజంగానే మా ఆయన ప్రశ్నే మిగులుతుంది. సొంతదారు కోబమ్ ప్రభువు ఇంటిపేరు టెంపుల్. వాళ్ళ కుటుంబ నినాదంలోనే గుళ్ళ ముచ్చట ఉంది, కాబట్టి గుళ్ళు కట్టించడంలో ఆయనకి మొహమాటం లేదు. నలభైకి పైగా కట్టడాలు, విగ్రహాలు ఉన్నాయి. అయితే తోటలో సగం రాజకీయమే. 1733లో పన్నుల బిల్లు విషయంలో ప్రధాని వాల్పోల్‌తో గొడవపడి బయటికొచ్చిన కోబమ్, ఆ కోపమంతా రాయిలో తీర్చుకున్నాడు. ప్రాచీన ధర్మానికని ఒక చక్కటి గుండ్రటి గుడి కట్టించి, దాని పక్కనే ఆధునిక ధర్మానికి ఒక కూలిన గుడి కట్టించి, అందులో తల లేని విగ్రహం పెట్టించాడు. ఆ విగ్రహం ఎవరో అప్పటివాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆ రెండోది నిజంగానే రాళ్ళ కుప్ప. ఎదురుగా నీళ్ళకి అవతల దేశానికి మేలు చేసిన పదహారు మంది బొమ్మలు వరసగా ఉంటాయి, షేక్‌స్పియర్, న్యూటన్, మిల్టన్, అందరి మధ్యా ఒకే ఒక్క ఆడమనిషి మొదటి ఎలిజబెత్ రాణి. ఆ బొమ్మల గోడ వెనక్కి వెళ్ళి చూడండి, అక్కడ చాలా గంభీరంగా ఒక కుక్కకి నివాళి రాసి ఉంది. మా పిల్లలకి మాత్రం నాటకకర్త కాంగ్రీవ్ స్మారకం మీద అద్దంలో మొహం చూసుకునే కోతి నచ్చింది.

నాకు స్టోలో మనసుకి పట్టింది ఇంకోటి. చెట్ల గుబురులో ఒక పాత చర్చి ఉంటుంది, దాని చుట్టూ ఒకప్పుడు ఊరుండేది. తోట కోసం ఆ ఊరిని తీసేశారు, చర్చి ఒక్కటే మిగిలింది. కేపబిలిటీ బ్రౌన్ అని తర్వాత దేశమంతా పేరు తెచ్చుకున్న తోటమాలి 1741లో ఇక్కడ పనిలో చేరి, పెళ్ళి కూడా ఆ చర్చిలోనే చేసుకున్నాడు. ఇంత ఆడంబరం చేసిన కుటుంబం 1848కి అప్పుల్లో మునిగి ఇంట్లో సామాను నలభై రోజులపాటు వేలం వేసుకుంది. భవనం 1923 నుంచి స్కూలు, తోట ఇప్పుడు పాత కట్టడాలు, తోటలు కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థది. భవనం టికెట్ వేరు, స్కూలు నడిచే రోజుల్లో తీసే వేళలు మారతాయి. టికెట్ ఇచ్చే న్యూ ఇన్ కూడా అప్పట్లో తోట చూడ్డానికొచ్చే జనం కోసం కట్టిన సత్రమే. అంటే మూడొందల ఏళ్ళ క్రితమే ఇక్కడ టూరిజం! అక్కడి నుంచి తోటలోకి కాస్త దూరం నడవాలి. వాన పడితే బురద, బూట్లు తప్పనిసరి. లోపల కెఫేలో సూపు బాగుంది, శాకాహారులకి స్కోన్లు, కేకులు దాటితే పెద్దగా ఏం లేదు. వదిన తెచ్చిన పులిహోర డబ్బా పాలేడియన్ వంతెన (స్తంభాల మీద కప్పున్న వంతెన) పక్కన గడ్డి మీద కూర్చుని ఖాళీ చేశాం, ఎవరూ ఏమీ అనలేదు.

ఉండే చోటు గురించి. స్టోలోని గోతిక్ గుడిలో రాత్రి బస చేయొచ్చు, 1741లో ఆర్కిటెక్ట్ జేమ్స్ గిబ్స్ గీసిన ఎర్రరాతి కట్టడం. 1965లో మొదలైన ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే సంస్థ ఇలాంటి పాత కట్టడాలని బాగుచేసి అద్దెకిస్తుంది. టీవీ ఉండదు, వంట మనమే చేసుకోవాలి, గదులన్నీ గుండ్రం. నలుగురు కలిసి పంచుకుంటే భరించగలిగే అద్దే గానీ నెలల ముందే బుక్ అయిపోతుంది, మాకు దొరకలేదు. దగ్గర్లో ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాం. పేరు రాయను. ఫొటోల్లో ఉన్న పొయ్యి మంట అలంకారానికేనట, రాత్రి పదికల్లా హీటింగ్ ఆపేశారు, రెండో దుప్పటి అడిగితే విచిత్రంగా చూశారు. బ్రేక్‌ఫాస్ట్ మాత్రం వంక పెట్టలేం. పల్లెల్లో గది తీసుకునేటప్పుడు హీటింగ్ ఎన్ని గంటలదాకా ఉంటుందో, రాత్రి భోజనం ఎక్కడ దొరుకుతుందో ముందే అడగండి. పబ్బుల్లో వంటగది తొమ్మిదికి మూసేస్తే ఇక చిప్స్ ప్యాకెట్లే.

ఇప్పుడు మనవాళ్ళు తప్పకుండా చూడాల్సిన రెండు. మొదటిది కాట్స్‌వోల్డ్స్ అనే కొండల ప్రాంతంలో మోరెటన్-ఇన్-మార్ష్ దగ్గరున్న సీజిన్‌కోట్. ఈస్టిండియా కంపెనీలో డబ్బు చేసుకుని తిరిగొచ్చిన చార్లెస్ కాకరెల్ కోసం ఆయన అన్న శామ్యూల్ 1805 ప్రాంతంలో కట్టిన మొఘల్ తరహా ఇల్లు. కాట్స్‌వోల్డ్స్ తేనెరంగు రాయి మీద ఆకుపచ్చ రాగి గుమ్మటం! తోటలో సూర్యుడి విగ్రహంతో చిన్న గుడి, వంతెన పిట్టగోడల మీద నందులు, చెట్టు మొద్దుని చుట్టుకుని నీళ్ళు చిమ్మే మూడు తలల పాము. మన దేశమంతా తిరిగి బొమ్మలు గీసిన థామస్ డేనియల్ సలహాతో చేశారు కాబట్టి వెక్కిరింతలా ఉండదు. కానీ పూజ లేని సూర్యుడి ముందు నిలబడితే దండం పెట్టాలో ఫొటో తీయాలో తెలియదు. వదిన దండం పెట్టింది, నేను ఫొటో తీశాను. ఆ నందుల్ని ఇక్కడికి తెచ్చిన డబ్బు ఎక్కడిదన్న ఆలోచన కూడా కాసేపు వెంట తిరిగింది. 1807లో యువరాజు (తర్వాత నాలుగో జార్జ్ రాజు) ఈ ఇల్లు చూసి వెళ్ళాకే బ్రైటన్‌లో ఆయన మహలు ఇండియా వేషం వేసుకుంది. వారంలో కొన్ని మధ్యాహ్నాలే తీస్తారు, వెబ్‌సైట్ చూసుకోకుండా బయల్దేరొద్దు. మోరెటన్‌కి లండన్ పాడింగ్టన్ నుంచి నేరుగా రైలుంది, అక్కడి నుంచి టాక్సీ. రిటర్న్ టాక్సీ ముందే మాట్లాడుకోండి, మాకు చెప్పిన టాక్సీ రానే లేదు, వేరేది దొరికేసరికి చీకటి పడింది.

రెండోది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్టోక్ రో అనే చిన్న ఊళ్ళోని మహారాజా బావి. చూడ్డానికి ఇదీ ఫాలీలాగే ఉంటుంది, గుమ్మటం, కింద బంగారు రంగు ఏనుగు. కానీ ఇది నీళ్ళిచ్చిన బావి. ఈ ప్రాంతంవాడైన ఎడ్వర్డ్ రీడ్ అనే అధికారి మన దేశంలో పనిచేసేటప్పుడు కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌తో, తమ ఊరి వైపు నీటి కరువు గురించి చెప్పాడు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్ళు తాగేసినందుకు ఒక పిల్లాడు తల్లి చేత దెబ్బలు తిన్న సంగతీ చెప్పాడట. మహారాజు డబ్బిచ్చాడు. 368 అడుగులు, అంతా చేత్తో తవ్విందే, 1864లో తెరిచారు. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి ఎత్తు కంటే ఎక్కువ లోతు. నిర్వహణ ఖర్చుకి పక్కనే చెర్రీ తోట కూడా పెట్టించారు. టికెట్ లేదు, జనం లేరు. అరగంట చాలు. ఆ అరగంటే మా ఆయనకి మొత్తం ట్రిప్పులో నచ్చింది, "దీంట్లో ఏదో ఉంది" అన్నాడు.

మిగతావి గబగబా చెప్పేస్తా. కాట్స్‌వోల్డ్స్‌లోనే 1798-99లో కట్టిన బ్రాడ్‌వే టవర్ దగ్గర గాలి, దృశ్యం రెండూ గొప్పవే, టికెట్ కొని పైకెక్కకపోయినా కొండ మీద నుంచి దాదాపు అంతే కనబడుతుంది. ఫారింగ్డన్‌లో బర్నర్స్ ప్రభువు 1935లో కట్టించిన వందడుగుల బురుజు ఊరికి దగ్గర, వేసవిలో కొన్ని ఆదివారాలే పైకి పంపిస్తారు. ఆయన పావురాలకి రంగులు వేయించిన మనిషి, మిగతాది ఊహించుకోండి. నార్తాంప్టన్‌షైర్‌లో రష్టన్ త్రికోణ కట్టడం 1590లది. క్యాథలిక్ మతం వదలనందుకు ఏళ్ళ తరబడి జైల్లో ఉన్న థామస్ ట్రెషమ్ త్రిత్వం (ఒకే దేవుడు ముగ్గురిగా ఉన్నాడన్న క్రైస్తవ నమ్మకం) పేరున గోడలు, అంతస్తులు, కిటికీలు అన్నీ మూడేసి చొప్పున కట్టించాడు. చిన్నదే, దారిలో పడితే ఆగండి.

కారు లేకపోతే వీటిలో సగం మర్చిపోండి, ఆదివారం బస్సులు ఉండవనే అనుకోవాలి. విజిటర్‌గా వెళ్ళినవాళ్ళు మన లైసెన్స్‌తోనే 12 నెలలదాకా నడపొచ్చు, ఎడమవైపు డ్రైవింగే. ఆటోమేటిక్ కారు ముందే చెప్పుకోండి. పొదల మధ్య ఒకే కారు పట్టే దారుల్లో రివర్స్ వేయడం రావాలి. నేషనల్ ట్రస్టువి మూడు నాలుగు చూసేట్టయితే సభ్యత్వం తీసుకోవడమే లాభం, పార్కింగ్ కూడా కలిసొస్తుంది.

లండన్ దాటి దూరం వెళ్ళలేనివాళ్ళకి సర్రేలో పేన్స్‌హిల్ ఉంది. చార్లెస్ హామిల్టన్ అప్పులు చేసి మరీ వేసిన తోట, ఆ అప్పుల్లో కొంత స్టౌర్‌హెడ్ హోర్ ఇచ్చిందే. చివరికి 1773లో అమ్ముకోవాల్సి వచ్చింది. స్ఫటికాలు అతికించిన గుహ తీసే వేళలు చూసుకుని వెళ్ళండి, అది చూడకపోతే ఇంత దూరం దండగ. తోటలో ఒక సన్యాసి ఉంటే అందంగా ఉంటుందని హామిల్టన్ మనిషిని కూడా పెట్టుకున్నాడని చెప్తారు. ఏడేళ్ళు జుట్టు, గోళ్ళు కత్తిరించకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే 700 గినీలు (అప్పటి బంగారు నాణేలు) ఇస్తానన్నాడట. మూడు వారాలకే ఆయన పబ్బులో దొరికాడట. ఆ సన్యాసి కుటీరం మళ్ళీ కట్టి పెట్టారు, కానీ కాఫీ కావాలంటే గేటు దాకా నడిచి రావాలి.