పాత బోటుకి ఏ ఇంజన్ మేలు: ఉన్న టూ స్ట్రోకా, కొత్త ఫోర్ స్ట్రోకా?

పద్నాలుగు అడుగుల ఫైబర్ బోటు, వెనక 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజన్. ఎనిమిదేళ్లు ఒక షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉన్నదాన్ని మా బావ, నేను కలిసి కొన్నాం. బాడీ బాగుచేసుకోవాలని కొన్న రోజే అనుకున్నాం. ఎటూ తేలనిది ఇంజన్ సంగతే. ఉన్నదాన్నే విప్పి బాగుచేయాలా, కొత్తది పెట్టాలా?

ఇంజన్ కంటే ముందు అది కూర్చునే చోటు చూడాలి. బోటు వెనక గోడని ట్రాన్సమ్ అంటారు, పైకి ఫైబర్, లోపల ప్లైవుడ్. రూపాయి బిళ్లతో అంతటా కొట్టుకుంటూ పోతే చాలాచోట్ల టక్కుటక్కుమంది. ఇంజన్ బిగించే బోల్టుల కింద జానెడు మేర మాత్రం మెత్తగా, మొద్దుగా పలికింది. అక్కడ ఫైబర్ కోసి చూశాం. ప్లైవుడ్ తడిసిన అట్టలా ఉంది, గోటితో గిల్లితే పొరలు పొరలుగా ఊడివచ్చింది. బోల్టు రంధ్రాల చుట్టూ సీలెంట్ ఎండి, నీళ్లు ఏళ్ల తరబడి లోపలికి దిగాయన్నమాట. పాత చెక్కంతా తీసేసి మెరైన్ ప్లై పెట్టి, ఎపాక్సీ అనే రెజిన్ జిగురు వేశాం. మన ఎండలకి మధ్యాహ్నం రెజిన్ కలిపితే మగ్గులోనే వేడెక్కి గట్టిపడిపోతుంది. అందుకే తెల్లవారుజామునే, కొద్దికొద్దిగా కలుపుకుని పని చేశాం.

ఇంజన్ల లెక్కలో బరువు చాలామంది పట్టించుకోరు. అదే గుర్రపు శక్తికి ఫోర్ స్ట్రోక్ బరువెక్కువ. 40 టూ స్ట్రోక్ 70 కిలోలు దాటి కొంచెం ఉంటే, 40 ఫోర్ స్ట్రోక్ 95 కిలోల దాకా తూగుతుంది. ఆ పాతిక కిలోలు పడేది బోటు చిట్టచివర. పాత రోజుల బోటు అంత బరువుని లెక్కలోకి తీసుకుని కట్టింది కాదు. వెనక మనిషి కూర్చుని, జోరుగా పోతూ ఒక్కసారి థ్రాటిల్ వదిలేస్తే, మన వెనకాలే వస్తున్న అల ట్రాన్సమ్ మీదుగా లోపలికి వస్తుంది. కాబట్టి నలభైకి నలభై మార్చేద్దామనే ఆలోచన మానుకున్నాం. 25 ఫోర్ స్ట్రోక్ అయితే మోడల్‌ని బట్టి 60 నుంచి 80 కిలోల మధ్య ఉంటుంది. తేలికపాటి మోడల్ ఎంచుకుంటే ఈ బోటు మోయగలదు.

డబ్బు సంగతి చూస్తే పాతదే నయం. ప్లగ్గులు, కార్బరేటర్ కిట్, నీళ్ల పంపు ఇంపెల్లర్, గేర్ సీళ్లు, పెట్రోల్ పైపులు, అంతే. కొత్తదంటే లక్షల్లో మాట. పెట్రోల్ పైపులు మాత్రం తప్పనిసరిగా మార్చాలి, ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది పాత రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది, గాలిలో తేమనీ పీల్చుకుంటుంది.

ముందు ఇంటి దగ్గరే ఇంజన్ కింది భాగాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచి స్టార్ట్ చేశాం. మూడో లాగుకే అందుకుంది. కానీ ఇంజన్‌ని చల్లబరిచి పక్క నుంచి బయటికి రావాల్సిన నీటి ధార లేదు. "నీళ్లు వస్తలేవు బావా, ఆపు ఆపు!" అని అరిచాను. బావ వెంటనే ఇంజన్ ఆపే స్విచ్ తాడు లాగి ఆపేశాడు. విప్పితే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు ఒకవైపు వంగి బిగుసుకుపోయి ఉన్నాయి. కొత్తది వేశాక పెన్సిల్ మందాన ధార వచ్చింది. రెండు సిలిండర్లలో కంప్రెషన్ కూడా సమానంగా ఉంది. అంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

నేను మనసు మార్చుకున్నది కూడా ఆ డ్రమ్ము దగ్గరే. పది నిమిషాలకి నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల తెట్టు కట్టింది. ఇలాంటి టూ స్ట్రోక్‌కి ఆయిల్‌ని పెట్రోల్‌లోనే కలపాలి కాబట్టి లీటరుకి 20 మిల్లీలీటర్లు కలిపి పోశాం. కార్బరేటర్ టూ స్ట్రోక్‌లో పొగ బయటికిపోయే దారి తెరిచి ఉండగానే కొత్త పెట్రోల్ లోపలికి వస్తుంది, ఆ పొగతో పాటు కొంత పెట్రోల్ కాలకుండానే జారిపోతుంది. పోసినదాంట్లో దాదాపు నాలుగో వంతు దాకా అలా పోవచ్చు. పొగ వదిలేది నీళ్లలోకే కాబట్టి అదంతా చెరువు పాలు.

చెరువుల విషయానికొస్తే, గండిపేట, హిమాయత్ సాగర్ నీళ్లు జనం తాగడానికి వాడేవి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ జలాశయాల్లో మోటారు మాటే ఎత్తకూడదు. నాగార్జునసాగర్ విశాలమే గానీ మొదటి పరీక్షకి దూరం, మధ్యలో ఇంజన్ మొరాయిస్తే సాయానికి ఎవరూ దొరకరు. అందుకే అనుమతి తీసుకుని, పక్కన మరో బోటుని తోడు పెట్టుకుని, గాలి లేవకముందే హుస్సేన్ సాగర్‌లో దించాం. నాలుగున్నర శతాబ్దాల కిందట తవ్విన చెరువు, ఇప్పటికే నగరం మురికి ఎంతో మోసింది. దాంట్లో ఇంకో చుక్క ఆయిల్ వేయడానికి నాకు చేయి రాలేదు, కానీ ఒక్కసారైనా పోల్చి చూడాలనిపించింది.

పాత 40తో ఇద్దరం ఎక్కితే బోటు ముక్కు దించుకుని కొద్ది సెకన్లలోనే నీళ్ల మీద జారింది. ఆ ఊపు నిజంగా బాగుంది. తర్వాత అరువు తెచ్చిన 25 ఫోర్ స్ట్రోక్ బిగించాం. లేవడానికి ఎక్కువసేపు పట్టింది, మూడో మనిషి ఎక్కితే బరువుగా పోయింది. పూర్తి థ్రాటిల్‌లో ఆర్‌పీఎం కంపెనీ చెప్పిన హద్దుని అందుకోలేదు. పిచ్ (ఒక్క చుట్టుకి ప్రొపెల్లర్ ముందుకి పోయే లెక్క) ఒక అంగుళం తక్కువున్న ప్రొపెల్లర్ వేస్తే సుమారు 200 ఆర్‌పీఎం పెరిగి అందుకుంది. పైగా బావ ముందు కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడితే వెనక నాకు వినబడింది. వెనక్కి చూస్తే నురగ ఉంది, తెట్టు లేదు.

ఊళ్లకి దూరంగా గోదావరి మీద బరువులు మోసేవాళ్లకి పాత టూ స్ట్రోకే మేలంటాను. తేలిక, నాలుగు స్పానర్లతో ఒడ్డునే విప్పుకోవచ్చు. హైదరాబాద్ నడిబొడ్డున ఆదివారం పూట తిరిగే మా బోటుకి మాత్రం 25 ఫోర్ స్ట్రోకే. ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం, 2021 ప్రకారం మోటారున్న బోటుకి రిజిస్ట్రేషన్ కావాలి. ఇంజన్ తేలింది కాబట్టి ఇక ఆ కాగితాలు మొదలుపెడుతున్నాం. పాత ఇంజన్‌ని మంచినీళ్లతో కడిగి, సిలిండర్లలో ఆయిల్ చల్లి, స్టాండుకి తగిలించాం. గోదావరి వైపు ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాం.