50 ఎంఎం లెన్స్ రెండు నెలలు వాడాక: మిర్చి షెడ్డు నుంచి కొండపల్లి దాకా

నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం కెమెరా పట్టుకుని తిరుగుతున్నాను. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం, గాంధీ కొండ మీంచి ఊరు, ఉండవల్లి గుహలు, మళ్లీ బ్యారేజీ. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్‌తో నిలబడ్డచోటే జూమ్ తిప్పితే పనైపోయేది, అందుకే ఫొటోలన్నీ ఒకే మనిషి ఒకే దూరం నుంచి చూసినట్టు ఉండేవి. ఇక తీయడానికి మన వైపు కొత్తగా ఏమీ మిగల్లేదని గట్టిగా అనుకున్నాను. అలాంటప్పుడు ఫిబ్రవరిలో కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో 5,500కి దొరికింది.

2015లో వచ్చిన లెన్స్ ఇది. బరువు 160 గ్రాములే. జూమ్ లేదు. నాలా క్రాప్ సెన్సర్ (లోపల ఫొటో పట్టే పలక చిన్నగా ఉండే) కెమెరా మీద పెడితే 80 ఎంఎంలా చూస్తుంది, అంటే బాగా ఇరుకు. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో ఒక కొట్టు మొత్తం ఫ్రేమ్‌లో పట్టించాలంటే వెనక్కి జరగాలి, వెనకేమో గోడ. మొదటి వారం ఎంత విసుగొచ్చిందో. తర్వాత మెల్లగా అర్థమైంది, మొత్తం ఎలాగూ పట్టదు కాబట్టి అందులో ఏది కావాలో నేనే తేల్చుకోవాలి, తేల్చుకున్నాక దాని దగ్గరికి నడవాలి.

మాది గుంటూరు. మిర్చి యార్డులో ఎర్రటి రాశులు అందరూ తీసేవే, నేనూ తీశాను. ఈసారి దగ్గర్లోని ఒక షెడ్డులో కాయలకి తొడిమలు తీస్తున్న ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లి, "పెద్దమ్మా, మీ చేతులు ఫొటో తీసుకోనా?" అని అడిగాను. "చేతులేంటయ్యా, కాయలు తీసుకో" అంది గానీ వద్దనలేదు. బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టుకుంది, అది కారంతో ఎర్రగా అయిపోయి అంచులు బిరుసెక్కి ఉంది, గోరు చివర తొడిమ ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. ఈ లెన్స్ 35 సెంటీమీటర్ల దాకా దగ్గరకెళ్లి ఫోకస్ చేస్తుంది, అంత దగ్గర్లో ఫ్రేమ్ అడ్డంగా సుమారు పది సెంటీమీటర్లు, సరిగ్గా ఒక అరచేయి. లెన్స్ కన్నం పూర్తిగా తెరిచి ఎఫ్/1.8లో పెడితే మాత్రం (ఈ అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దది) రెండు మిల్లీమీటర్ల మేరే స్పష్టంగా వస్తుంది, మొదటి ఇరవై ఫొటోలు అలాగే పోయాయి, గుడ్డ బాగుంటే గోరు మసక. ఎఫ్/5.6కి వచ్చాక కుదిరింది.

ఒక హెచ్చరిక. అక్కడే లెన్స్ మార్చాను, మార్చకూడదు. కారం ధూళి సెన్సర్ మీదకి చేరి ప్రతి ఫొటోలో చుక్కలు పడ్డాయి, క్లీనింగ్‌కి డబ్బు వదిలింది. ఇంట్లోనే బిగించుకుని వెళ్లండి.

కొండపల్లిలో దీని అసలు బలం తెలిసింది. రంగులేసిన బొమ్మలు ఎవరైనా తీస్తారు, నేను రంగు పడకముందు చూడాలనుకున్నాను. తెల్ల పొణికి కర్రతో చెక్కిన చేతులూ కాళ్లూ విడివిడిగా ఉంటాయి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు. కిటికీ వెలుతురు తప్ప ఏమీ లేని గది. 18-55 లెన్స్ జూమ్‌ని 55 దాకా తిప్పితే ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు, దీంట్లో దానికి దాదాపు పది రెట్ల వెలుతురు వస్తుంది. ఫ్లాష్ వేయలేదు, పని చేసుకునే ఆయన తలెత్తనూ లేదు.

దసరాకి దుర్గమ్మ కొండ దగ్గర రద్దీ, గోపురాలు, ఇంట్లో గ్రూప్ ఫొటోలు, వీటికి ఇది పనికిరాదు. చేతి వణుకుని ఆపే స్టెబిలైజేషన్ లేదు, షటర్ స్పీడ్ 1/100 సెకను కంటే తగ్గనివ్వకండి. ఏం తీయాలో తోచక కెమెరా బీరువాలో పెట్టేసినవాళ్లు మాత్రం తప్పకుండా కొనుక్కోండి, పెద్ద ఖరీదైన లెన్సుల కంటే ముందు ఇదే కొనండి.

మొన్న ఆ ఫొటో ప్రింట్ వేయించి పెద్దమ్మకి ఇచ్చొచ్చాను. చాలాసేపు చూసి, "మా అక్క చేతులు తియ్యి, అవి నావాటికంటే ముందు నుంచీ ఈ పనిలో ఉన్నాయి" అంది. వచ్చే ఆదివారం వాళ్లింటికి రమ్మంది.