చీరలు బాగున్నాయి, చూపించే పిల్లలకే స్టూల్ లేదు

మా బిడ్డ పెళ్లికి పెట్టుడు చీరలు కొనడానికి పోయిన నెల హన్మకొండలో ఒక పెద్ద షోరూంకు వెళ్లాం. పేరు రాయడం లేదు. రాస్తే ఓనర్ కంటే ముందు ఆ మూడో అంతస్తులో పనిచేసే పిల్లలకే మాట వస్తుంది.

సరుకు మంచిది. పెట్టుడు చీరలు 450 నుంచి 900 దాకా, ఇరవై రెండు తీసుకున్నాం. బిడ్డకు 11,500 పెట్టి ఒక గద్వాల పట్టు తీసుకున్నాం, అంచు నేత చూస్తే ఆ ధర ఎక్కువ అనిపించలేదు. బేరం లేదు. సెల్లార్‌లో పార్కింగ్ ఉంది, లిఫ్ట్ ఉంది, మాకు రెండుసార్లు చాయ్ తెచ్చిచ్చారు. ఫాల్, పీకో రెండు రోజుల్లో ఇస్తామని నాలుగు రోజులు చేశారు, అదొక్కటే లోటు. కొనేవాళ్ల సంగతి ఇంతే.

నేను ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైర్ అయినదాన్ని. ఎక్కడికి వెళ్లినా ముందు మనుషుల కాళ్లు చూడటం నాకు అలవాటైపోయింది. మేం మెత్తటి సోఫాలో మూడు గంటలు కూర్చున్నాం. మా ముందు ఒక పిల్ల అరవై చీరలకు పైగా విప్పింది, మళ్లీ మడిచింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. ఒక కాలి మీద బరువు వేసి, కాసేపటికి ఇంకో కాలికి మార్చుకుంటోంది. పిక్క మీద నరం ఉబ్బి కనిపిస్తోంది. నాకూ అవే నరాలు, ఇప్పటికీ మేజోళ్లు లేకుండా బయటికి వెళ్లలేను.

"జర కూసో బిడ్డా, చీర నేను చూస్త గని" అన్నా.

"వద్దు మేడం. కెమెరా ఉంది. కూసుంటే ఫైన్ ఏస్తరు."

ధర్మసాగర్ దగ్గర ఊరు, బస్సులో వస్తుందట. పొద్దున తొమ్మిదిన్నరకు లోపల ఉండాలి, రాత్రి తొమ్మిదికి వదులుతారు. మధ్యలో అన్నానికి అరగంట. నీళ్లు తాగుతున్నావా అని అడిగా. తక్కువే తాగుతా అంది, ఊరికూరికే బాత్రూంకు పోతే సూపర్‌వైజర్ అడుగుతాడని. ఆడపిల్లలు నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకొని పనిచేస్తే ఏమవుతుందో నేను వార్డులో చూశాను. ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చి పోదు, మళ్లీ మళ్లీ వస్తుంది.

మన దగ్గర 1988 నుంచి షాపుల చట్టం ఉంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఎక్కువ చేయిస్తే ఆ గంటలకు రెట్టింపు జీతం. ఓటీ ఇస్తారా అని అడిగితే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది, అటూ ఇటూ చూసి ఇంకో కట్ట తెచ్చి ముందు పెట్టింది. నా ప్రశ్నలు ఆమెకు టెన్షన్ పెడుతున్నాయని అర్థమై ఊరుకున్నా.

మర్నాడు ఒక చీర మార్చడానికి మళ్లీ వెళ్లాం. అడుగు మడతలో నూనె మరక ఉంది. మిల్లు నుంచే వచ్చిందో, గోదాంలో పడిందో. మేనేజర్ మాకు వెంటనే వేరేది ఇప్పించాడు. ఇచ్చి, మా ముందరే ఆ పిల్లను పిలిచి "చూసుకోవా? నీ జీతంలో పట్టుకుంటా" అన్నాడు. తప్పు ఆమెది కాదని నేను అంటే, నా వైపు తిరిగి నవ్వుతూ "మిమ్మల్ని కాదమ్మా, మీరు కూర్చోండి" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. జీతంలో జరిమానా కోయాలంటే ముందు ఆ మనిషి చెప్పేది వినాలి, అది కూడా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. చట్టంలోనే ఉంది. ఆ పిల్లను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

నాతో పనిచేసిన మలయాళీ సిస్టర్ ఒకామె చెప్పేది. కోజికోడ్‌లో మిఠాయి వీధి అని పెద్ద బట్టల బజారు. అక్కడి షాపుల ఆడవాళ్లు ముందు బాత్రూం కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం కొట్లాడారు. వాళ్లను కూడగట్టిన విజి కూడా కుట్టుపని చేసుకునే మనిషే. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు మార్చింది. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 చట్టంలోనే రాశారు. చీరలు అమ్మే పిల్ల కాళ్లు మాత్రం వేరేవా?

మిగిలిన ధోవతులు, టవళ్లు, ఇంకో ఆరు చీరల కోసం వరంగల్ చౌరస్తా వైపు మా అమ్మ తీసుకెళ్లే పాత దుకాణానికి వెళ్లాం. మెట్లు ఎత్తు, వెలుతురు తక్కువ, రకాలు కూడా తక్కువే. కానీ గద్దె మీద పరుపు, దాని మీద తెల్ల దుప్పటి అలాగే ఉంది. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎదురెదురుగా కూర్చునే పని. మోకాళ్లు వంగని ఒక పెద్దాయనకు కుర్చీ వేశారు, ఆయన అందులో కూర్చునే చీరలు చూపించాడు. రెండు గంటలకు ఒకరి తర్వాత ఒకరు అన్నానికి లేచారు, మమ్మల్ని "కొంచెం ఆగండక్కా" అన్నారు, ఆగాం. ఏం నష్టం కాలేదు. బట్టల దుకాణం అంటే మనకు మొదటి నుంచీ కూర్చునే చోటే. అద్దాల కౌంటర్లు వచ్చాకే అమ్మేవాళ్లను నిలబెట్టారు.

చీరల వరకైతే షోరూంకు ఐదుకు నాలుగు ఇస్తాను. మనుషులను చూసుకోవడంలో ఒకటి కూడా ఇవ్వలేను. ఇది వెనక నుంచి అంటున్న మాట కాదు. బిల్లు దగ్గర అభిప్రాయం రాయమని ఇచ్చిన కాగితం మీద, కింద నా పేరు పెట్టి రాసిచ్చాను: "అంతస్తుకు నాలుగు స్టూళ్లు వేయండి. గిరాకీ లేనప్పుడు కూర్చోనివ్వండి. ఫైన్ తీసేయండి." ఆ పిల్ల ఊసు ఎక్కడా ఎత్తలేదు.

బ్లౌజులు తీసుకోవడానికి శనివారం మళ్లీ వెళ్లాలి. కౌంటర్ కిందే ఇస్తారు గానీ, లిఫ్ట్ ఎక్కి మూడో అంతస్తు చూసి వస్తాను.