పైథాన్ లాగింగ్ మాడ్యూల్: పదకొండేళ్ల వాడకం తర్వాత నా మాట

పాల సేకరణ కేంద్రాల్లో లెక్కలు చూసే ప్రోగ్రామ్‌ను మా చిన్న బృందం 11 ఏళ్లుగా నడుపుతోంది. రైతు పాలు తెచ్చి పోస్తాడు, యంత్రం వెన్న శాతం చెబుతుంది, మా ప్రోగ్రామ్ ధర కట్టి చీటీ ఇస్తుంది. రోజుకు రెండు పూటలు ఇదే పని. ఆ వేళకు మేమెవరమూ అక్కడ ఉండం. ఏ పూట ఏం జరిగిందో తర్వాత మాకు చెప్పేది, ప్రోగ్రామ్ తాను చేసిన పనులను ఎప్పటికప్పుడు రాసిపెట్టే లాగ్ ఫైలు ఒక్కటే. దాన్ని రాసేది పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే లాగింగ్ మాడ్యూల్. దీన్ని వదిలి వేరేదానికి మారిపోదామని రెండుసార్లు గట్టిగా అనుకున్నాం. రెండుసార్లూ దీని దగ్గరే ఉండిపోయాం.

ఈ మాడ్యూల్ 2003లో పైథాన్ 2.3తో వచ్చింది. దాని ప్రతిపాదన పెప్ 282. రాసింది వినయ్ సాజిప్, ట్రెంట్ మిక్. జావా భాషలో లాగ్ రాయడానికి అప్పటికే పేరున్న లాగ్4జే ప్రభావం దీని మీద బాగా ఉంది. పైథాన్‌లో ఫంక్షన్ల పేర్లు మామూలుగా చిన్న అక్షరాల్లో, మధ్యలో కింది గీతలతో ఉంటే, ఇక్కడ మాత్రం గెట్‌లాగర్ అన్న పేరులో నడుమ పెద్ద అక్షరం కనిపిస్తుంది. కొత్తగా చేరిన వాళ్లు ముందు అడిగేది దాని గురించే. పేర్ల సంగతి పక్కన పెడితే, ఆ ఇంటి నుంచి వచ్చిన అసలు ఆస్తి వేరే ఉంది. కబురు చెప్పేవాడిని, దాన్ని చేరవేసేవాడిని విడదీయడం.

ధర కట్టే కోడ్‌లో మాకు ఒక వరుస ఉంది: ఫలానా సభ్యుడి పాలకు ఫలానా వెన్న శాతం వచ్చింది, ధరల పట్టికలో ఆ శాతం లేదు అని వార్నింగ్ రాస్తుంది. ఆ వరుసకు తెలిసింది అంతే. అది ఫైలులోకి వెళుతుందో, తెర మీద కనబడుతుందో, మా సర్వర్‌కు చేరుతుందో దానికి అక్కర్లేదు. అది లాగర్ చేతికి ఇస్తుంది, లాగర్ దాన్ని చేరవేసే హ్యాండ్లర్లకు ఇస్తుంది, ఏ రూపంలో రాయాలో ఫార్మాటర్ చూసుకుంటుంది. ఇంటర్నెట్ నిలకడగా లేని కేంద్రంలో ఫైలు మాత్రమే పెట్టాం. బాగా ఉన్న చోట ఎర్రర్లు సర్వర్‌కు కూడా వస్తాయి. మొదటి ఏడాది రాసిన ఆ వార్నింగ్ వరుస ఈనాటికీ ఒక్క అక్షరం మారకుండా అలాగే ఉంది. లాగింగ్ ఇంటర్‌ఫేస్ బాగా కుదిరిందా లేదా అని చూడడానికి నేను పెట్టుకున్న గీటురాయి అదే.

స్థాయిలు ఐదు: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. మధ్యలో మన సొంత స్థాయి పెట్టుకునే చోటు ఉన్నా ఒక్కసారీ అవసరం పడలేదు. యూనిక్స్ యంత్రాల్లో వాడే లాగ్ పద్ధతి సిస్‌లాగ్‌లో ఎనిమిది ఉంటాయి. వాటిలో నోటీస్‌కూ ఇన్ఫోకూ తేడా ఏమిటని మాలో ఏ ఇద్దరూ ఒకే జవాబు చెప్పలేదు. మా కట్టుబాటు సులువైనది: ఇవాళే ఎవరైనా చూడాలంటే ఎర్రర్, రేపు చూసినా సరిపోతుందంటే వార్నింగ్.

కబురును, అందులో పెట్టవలసిన విలువలను విడివిడిగా ఇవ్వడం ఇంకో మంచి ఏర్పాటు. ఆ స్థాయి ఆపేసి ఉంటే రెండింటినీ కలిపి వాక్యంగా కట్టే పనే జరగదు. విలువను లెక్కించే ఫంక్షన్‌ను అక్కడే పిలిస్తే ఆ ఖర్చు మాత్రం తప్పదు. మేము యంత్రం నుంచి వచ్చే ముడి బైట్లను చదవగలిగే రూపంలోకి మార్చి డీబగ్‌లో రాసేవాళ్లం. డీబగ్ ఆపినా పాత కంప్యూటర్ల మీద చీటీ ఆలస్యమయ్యేది. ముందు ఆ స్థాయి తెరిచి ఉందా అని అడిగి, ఆ తర్వాతే మార్చడం మొదలుపెట్టాక సర్దుకుంది.

ఇక లోపాలు. ఈ మాడ్యూల్‌లో నాకు నచ్చని గుణం ఒకటే, చాలా చోట్ల అది నోరు మెదపకుండా తప్పు చేస్తుంది.

ఒక కేంద్రంలో కొందరు రైతుల పోత వివరాలు లాగ్‌లో లేవని తెలిసింది. చీటీలు వచ్చాయి, డబ్బు లెక్క సరిగానే ఉంది, లాగ్‌లో వరుసలు మాత్రం లేవు. మిగతావి ఉన్నాయి. రెండు రోజులు ధర కట్టే కోడ్‌లోనే వెతికాం. చివరికి లేని వరుసలకు ఎదురుగా సభ్యుల జాబితా పెట్టుకుని చూస్తే, పోయినవన్నీ పేరు తెలుగు లిపిలో నమోదైన వాళ్లవి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేర్లు ఒక్కటీ పోలేదు. ఆ విండోస్ కంప్యూటర్‌లో ఫైలు సీపీ1252 ఎన్‌కోడింగ్‌తో, అంటే యూరప్ భాషల అక్షరాల కోసం చేసిన సంకేతాల పట్టికతో తెరుచుకుంది, దానిలో తెలుగు అక్షరానికి చోటు లేదు. రాయబోతే ఎర్రర్ వచ్చింది. లాగింగ్‌లో వచ్చిన ఎర్రర్ వల్ల ప్రోగ్రామ్ ఆగకూడదు కాబట్టి మాడ్యూల్ దాన్ని మింగి, వివరాలను కన్సోల్‌కు పంపాలని చూసింది. మా ప్రోగ్రామ్ తెర లేకుండా వెనక నడిచేది, దానికి కన్సోలే లేదు. అలా ఆ వరుసలు ఎక్కడా మిగల్లేదు.

ఫైలు హ్యాండ్లర్‌కు అన్ని లిపులకూ చోటున్న యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ అని చెప్పగానే సమస్య పోయింది. ప్రోగ్రామ్ ఆగకూడదన్న సూత్రంతో నాకు పేచీ లేదు, పొద్దున పాలు పోసే వేళ లాగ్ కోసం చీటీ ఆగితే ఊరు ఊరంతా వరుసలో నిలబడుతుంది. కానీ ఇన్ని కబుర్లు పోయాయని ఒక లెక్కైనా లోపల ఉంచితే మాకు మొదటి రోజే తెలిసేది. ఇప్పుడు మా సొంత హ్యాండ్లర్‌లో ఆ లెక్క మేమే ఉంచుకుంటున్నాం.

ఇదే జబ్బు మరోచోట. అమరికను డిక్షనరీ రూపంలో ఇస్తే, అంతకు ముందే పుట్టి, అందులో పేరు రాయని లాగర్లను అది మామూలుగా మూసేస్తుంది. అలా మూయవద్దని ఒక మాట ప్రత్యేకంగా రాయాలి. అది తెలియక మా ప్రింటర్ కోడ్ కబుర్లు చాలాకాలం చూడనే లేదు. ఇది కాక, లాగర్లు చెట్టులా ఉంటాయి, పిల్ల లాగర్ కబురు పైనున్న మూల లాగర్ హ్యాండ్లర్లకూ వెళుతుంది. రెండింటికీ ఒక్కో హ్యాండ్లర్ పెడితే పిల్ల లాగర్ కబురు ప్రతిదీ రెండుసార్లు పడుతుంది. కారణం తెలిస్తే ఐదు నిమిషాల పని.

కాలం గురించి కూడా జాగ్రత్త. మామూలు రూపంలో తేదీ, గంట, సెకను, కామా తర్వాత మిల్లీసెకన్లు ఉంటాయి కానీ అది ఏ దేశపు కాలమో ఉండదు. కేంద్రంలో 5:42కు పోసిన పాలు, ప్రపంచ ప్రామాణిక కాలం యూటీసీలో నడిచే మా సర్వర్ లాగ్‌లో 0:12కు పోసినట్టు కనబడేవి. రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి చదివేటప్పుడు ఐదున్నర గంటలు మనసులోనే కలుపుకోవాలి. ఇప్పుడు అన్ని చోట్లా యూటీసీయే రాస్తున్నాం, చదివే తెర దాన్ని మన కాలానికి మార్చి చూపిస్తుంది. ఒకే ఫైలులో రెండు ప్రక్రియలు, అంటే విడివిడిగా నడిచే రెండు ప్రోగ్రామ్‌లు రాయడం మాత్రం పెట్టుకోవద్దు, ఈ మాడ్యూల్ దానికి హామీ ఇవ్వదు. ఒకే ప్రక్రియలో పక్కపక్కన నడిచే పనులకు, అంటే త్రెడ్‌లకు ఇస్తుంది.

2021 డిసెంబరులో లాగ్4జే రెండో తరంలో లాగ్4షెల్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు దీని నిరాడంబరత విలువ తెలిసింది. అక్కడ కబురులో ఎవరో బయటివాళ్లు ఇచ్చిన అక్షరాలను కూడా ఆదేశంగా చదివి, వేరే సర్వర్ నుంచి కోడ్ తెచ్చుకునే దారి ఉండేది. లాగ్ రాయవలసిన పనిముట్టు లాగ్‌లో ఉన్నదాన్ని అర్థం చేసుకోబోయింది. పైథాన్ మాడ్యూల్ అలాంటి తెలివికి పోదు, ఇచ్చింది ఇచ్చినట్టు రాస్తుంది. ఆ గుణానికి ఇంకో వైపు ఉంది: ఎవరైనా పేరు గడిలో కొత్త వరుస గుర్తు పెడితే లాగ్‌లో లేని కబురు ఉన్నట్టు కనబడుతుంది. ఆ గుర్తును మార్చి రాసే పని మన ఫార్మాటర్‌దే.

కొత్త ప్రాజెక్టుకు దీన్నే తీసుకుంటారా అంటే తీసుకుంటాను. మొదటి రోజే యూటీఎఫ్-8, యూటీసీ, పాత లాగర్లను మూయవద్దన్న మాట, ఈ మూడూ రాసి పెడతాను. ఎక్సెప్షన్ అనే ఒక్క పిలుపుతో ఎర్రర్ పూర్తి జాడ వచ్చే సౌకర్యం కోసమైనా దీన్ని వదలను.

రైతుల ఫోన్ నంబర్లు లాగ్‌లో పడకూడదని ఈమధ్య నిర్ణయించుకున్నాం. నంబర్ కనబడితే చివరి రెండు అంకెలు తప్ప మిగతావి చెరిపే ఫిల్టర్ రాశాం. మొదట దాన్ని మూల లాగర్‌కు తగిలించాం, పిల్ల లాగర్ల నుంచి వచ్చే కబుర్లలో నంబర్లు అలాగే దాటిపోయాయి. మూల లాగర్‌కు పెట్టిన ఫిల్టర్ నేరుగా దానికి ఇచ్చిన కబుర్లనే చూస్తుంది. తీసి హ్యాండ్లర్‌కు పెట్టాం. ఆ సాయంత్రం పూట లాగ్‌ను మొదటి నుంచి చివరి దాకా నేనే చదివాను, ఒక్క నంబరూ పూర్తిగా లేదు. ధర కట్టే కోడ్‌ను ఎవరూ తెరవలేదు.