చలనం లెక్కలకి గ్రాఫా, సమీకరణమా?

ఆగి ఉన్న బస్సు 10 సెకన్లలో స్థిర త్వరణంతో 20 మీ/సె వేగం అందుకుంది. 30 సెకన్లు అదే వేగంతో వెళ్లి, ఒకే తీరున బ్రేకు పడి 5 సెకన్లలో ఆగింది. దూరమెంత? సమీకరణాలతో అయితే మూడు ముక్కలు: 100, 600, 50 మీటర్లు. వేగం-కాలం గ్రాఫ్ గీస్తే దాని కింద వైశాల్యమే దూరం, అది ఒకటే ట్రెపీజియం: ½ × (45 + 30) × 20 = 750 మీటర్లు. చాలామంది 45 సెకన్లనీ ఒకే సూత్రంలో పెట్టేస్తారు. మధ్యలో త్వరణం మారితే అది చెల్లదు.

19.6 మీ/సె వేగంతో పైకి విసిరిన బంతికి గ్రాఫ్ దండగ. వేగం వర్గాన్ని 2 × 9.8తో భాగిస్తే ఎత్తు 19.6 మీటర్లు, అంతే. పైదిశ ధనమనుకుంటే, బంతి దిగేటప్పుడూ గురుత్వ త్వరణం రుణమే. అక్కడ గుర్తు మార్చారా, లెక్క పోయినట్టే.

అన్నట్టు, స్థానం-కాలం గ్రాఫ్‌లో గీతకున్న వాలే వేగం. దాని కింద వైశాల్యం కడితే దూరం రాదు.