ఫ్రీక్యాడ్‌లో గీసిన జంట పడవ: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఆరు మిల్లీమీటర్లదని కొన్న ప్లైవుడ్ షీటును ఇంటికి తెచ్చి వెర్నియర్‌తో కొలిస్తే 5.4 వచ్చింది. అప్పటికే ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పడవ మొత్తం గీసి పెట్టుకున్నాను. రెండు హల్‌లు, అంటే నీళ్లలో తేలే పడవ ఒళ్లు, ఒక్కోదాంట్లో బల్క్‌హెడ్‌లనే అడ్డపలకలు ఏడు, ఆ పలకలు కూర్చునే గాడులు, అన్నీ 6 లెక్కన గీసినవే. ఫ్రీక్యాడ్‌లోనే కొలతలు రాసుకునే స్ప్రెడ్‌షీట్‌లో మందం అని రాసుకున్న ఒక్క సెల్‌లో 6 తీసేసి 5.4 కొట్టాను. పాత లాప్‌టాప్ అరనిమిషం పైనే తీసుకుంది కానీ, ప్రతి గాడినీ సరిచేసి చూపించింది. చేత్తో గీసి ఉంటే నాకు రెండు ఆదివారాల పని. ఫ్రీక్యాడ్ మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

నేను ఇంజినీరును కాను, కర్నూలులో స్కూలు పిల్లలకు లెక్కలు చెప్తాను. చిన్నప్పటి నుంచీ తుంగభద్రలో పుట్టి ఎక్కి తిరిగినవాణ్ణి. గాలితో నడిచే పడవ ఒకటి సొంతంగా కట్టాలని ఎప్పటి నుంచో కోరిక. ఇలాంటి జంట పడవను పిలిచే కాటమరాన్ అన్న ఇంగ్లీషు మాట తమిళుల కట్టుమరం నుంచే పోయింది, అంటే కట్టిన కొయ్య. మన కోస్తా జాలర్లకు దుంగలు కట్టిన తెప్ప ఎప్పటి నుంచో ఉంది. బ్రిటన్‌కు చెందిన జేమ్స్ వారమ్ ఇంట్లో కట్టుకునే ప్లైవుడ్ కాటమరాన్‌లకు ప్లాన్‌లు గీశాడు. ఆయన పడవల్లో చాలావాటికి రెండు హల్‌లనూ అడ్డదూలాలకు తాళ్లతోనే బిగిస్తారు. మాదీ అంతే. పొడవు 4.8 మీటర్లు, ఇద్దరు కూర్చోవచ్చు. తాళ్లు విప్పితే మినీ ట్రక్కులో పడుతుంది.

2021లో 0.19 వెర్షన్‌తో మొదలుపెట్టాను. మొదట చేసిన తప్పు, కనిపించిన ప్రతి కొలతనూ షీట్‌లో పెట్టడం. తొంభై వరుసలయ్యాయి. ఒకటి మారిస్తే దేనికి తగులుతుందో నాకే తెలిసేది కాదు. రెండోసారి కొత్తగా మొదలుపెట్టినప్పుడు నేను నిజంగా నిర్ణయించాల్సినవి ఏవి అని ఆలోచించాను. పొడవు, నీటిమట్టం దగ్గర హల్ వెడల్పు, రెండు హల్‌ల మధ్య దూరం, ప్లై మందం, మొత్తం బరువు. ఇలా పదకొండే తేలాయి. మిగతావన్నీ వీటి నుంచి సూత్రంతో వచ్చేవే. ఈ పని మౌస్ పట్టుకోకముందే కాగితం మీద చేసుకోవాలి.

దీని విలువ ఎక్కడ తెలిసిందంటే, మా బావమరిది వర్క్‌షాపులో మిగిలిన అల్యూమినియం పైపులు 2.1 మీటర్లే ఉన్నాయి. వాటితో కట్టాలంటే హల్‌ల మధ్య దూరం 2 మీటర్ల నుంచి 1.8కి తగ్గాలి. పడవ, మనుషులు కలిపి 300 కిలోలు అనుకుంటే, పడవ బోర్లా పడకుండా నిలబెట్టే బలం సుమారుగా బరువును సగం దూరంతో గుణిస్తే వస్తుంది. 300 ఉన్నది 270 అయింది. ఆ లెక్కన 10 చదరపు మీటర్ల తెరచాప 9కి దిగింది. ఇరవై సెంటీమీటర్ల కోసం ఇంత పోగొట్టుకోవడం దేనికని కొత్త పైపులే కొన్నాం.

కొత్తవాళ్లు తప్పక ఇరుక్కునే చోటు ఒకటుంది. మోడల్‌కు కొలతలిచ్చే షీట్‌లోకే మోడల్ ఘనపరిమాణాన్ని తెచ్చుకోబోతే ఫ్రీక్యాడ్ ఒప్పుకోదు. సెల్‌లు వేరైనా సరే, షీటంతా దానికి ఒకటే వస్తువు, కాబట్టి ఒకదాని మీద ఒకటి ఆధారపడే వలయం ఏర్పడిందని ఎర్రర్ చూపిస్తుంది. కొలతలిచ్చే షీటు ఒకటి, ఫలితాలు తీసుకునే షీటు ఇంకొకటి పెట్టుకోండి. ఇది తెలియక నేను వారం పోగొట్టుకున్నాను.

అంతకన్నా బాధపెట్టింది 2022 దసరా సెలవుల్లో జరిగింది. ఒక బల్క్‌హెడ్‌ను పది సెంటీమీటర్లు వెనక్కి జరిపితే, డెక్ మీద ఉండాల్సిన మూత రంధ్రం హల్ పక్కకు దూకింది. ఫ్రీక్యాడ్ ముఖాలకూ అంచులకూ నంబర్లు ఇస్తుంది. ఆకారం మారితే ఆ నంబర్లూ మారిపోయి, మనం ఆరో ముఖం మీద గీసింది ఇంకో ముఖానికి అంటుకుంటుంది. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0లో ఇది చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. నేను ఇప్పటికీ స్కెచ్‌ను ముఖానికి తగిలించను. మూల తలాలకే తగిలించి, దూరం షీట్ నుంచి ఇస్తాను. అలా మార్చాక మోడల్ ఒక్కసారి కూడా చెడలేదు.

ఫ్రీక్యాడ్ నన్ను కాపాడలేకపోయింది ప్లైవుడ్ వంపు దగ్గర. అడ్డకోత ఆకారాలను కలిపి ఉపరితలం చేసే లాఫ్ట్ వాడితే తెర మీద హల్ చాలా అందంగా వస్తుంది. కానీ ప్లైవుడ్ ఒక దిక్కుకే వంగుతుంది, రెండు దిక్కులా వంగమంటే విరుగుతుంది. రెండు అంచులను సరళరేఖలతో కలిపే రూల్డ్ సర్ఫేస్‌తో గీసినా మెలి ఎక్కువైతే అదే కథ. మా వడ్రంగి అన్న ముక్కు దగ్గరి పలక ఆకారాన్ని లాప్‌టాప్‌లో చూసి, "సార్, ఇది వంగదు" అని ఒక్క మాటలో తేల్చేశాడు. అట్టతో పదో వంతు నమూనా చేసి చూశాం. అట్ట కూడా ముడత పడింది. ముందు రెండు బల్క్‌హెడ్‌ల కోణాలు కొంచెం కొంచెంగా మారుస్తూ, ప్రతిసారీ పలకను చదును చేసి ప్రింట్ తీసి, అట్ట కోసి అతికించాం. తొమ్మిదో అట్ట ముడత లేకుండా కూర్చుంది. కొలతలు మార్చడం తేలిక కావడం వల్లే తొమ్మిది సార్లు ఓపిక పట్టగలిగాం. అయినా వంగుతుందో లేదో చెప్పింది మాత్రం అట్టే.

కోత నమూనాలను అసలు సైజులో ఫ్లెక్స్ షాపులో ప్రింట్ చేయించాను. ప్రతి షీట్‌లో ఒక మీటరు గీత అడ్డంగా, ఒకటి నిలువుగా తప్పకుండా పెట్టుకోండి. మా మొదటి ప్రింట్‌లో మీటరు గీత నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. చూసుకోకుండా కోసి ఉంటే 4.8 మీటర్లకు దాదాపు రెండు సెంటీమీటర్ల తేడా పడేది.

బరువు దగ్గర తప్పు నాదే. మోడల్‌లో ప్లై ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణించి, పైపులూ తెరచాపా కలిపి 130 కిలోలు అనుకున్నాను. కాటాపై పెడితే 168. అతుకుల్లో వేసిన ఎపాక్సీ జిగురు, గాజు గుడ్డ, రంగు, స్క్రూలు, ఇవేవీ మోడల్‌లో లేవు. ఎండాకాలం కావడంతో ఎపాక్సీ గిన్నెలోనే గట్టిపడేది. తెల్లవారుజామున నాలుగున్నరకు కలిపి తొందర తొందరగా పూసేవాళ్లం, అలా కావాల్సినదాని కన్నా మందంగా పడింది. పడవ ఒక సెంటీమీటరు మునగడానికి సుమారు 22 కిలోలు కావాలని ఫలితాల షీట్ చెప్తోంది. అంటే అనుకున్నదాని కన్నా 1.7 సెంటీమీటర్లు లోతుగా కూర్చోవాలి. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ దగ్గర అనుమతి తీసుకుని, లైఫ్ జాకెట్లు వేసుకుని నీళ్లలో దించినప్పుడు పక్కన వేసిన గీతలు చూస్తే రెండుకు కొంచెం తక్కువే మునిగింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఖర్చు సంగతి చెప్పాలంటే, ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం. ఫైల్ నా దగ్గరే ఉంటుంది. ఏటా అద్దె కట్టక్కర్లేదు. 8 జీబీ లాప్‌టాప్‌లోనే నాలుగేళ్లూ నడిపాను.

ఇప్పుడు మిగిలిన పని చుక్కానిది. ఆషాఢ గాలికి పడవ బాగా పరిగెత్తుతోంది కానీ మలుపు తిరగడం కష్టంగా ఉంది. పొడవైన సన్నటి హల్‌లకు ఈ ఇబ్బంది మామూలే. షీట్‌లో చుక్కాని లోతు 55 నుంచి 70 సెంటీమీటర్లకు మార్చాను. కొత్త ముక్కలు ఈ ఆదివారం కోస్తాం.